తెర తుడవకండి, ముందు చదవండి



కంప్యూటరు చెప్పిన మాట వింటుందని అందరూ అంటారు. మరి మనం చెప్పని మాట కూడా అది వింటే? జవాబు ఇవ్వకముందే 'అందింది' అనుకొని ముందుకు పోతే? తెర తుడవమంటే తుడవక, ఏదో వింత గుర్తు చూపి ఊరుకుంటే? ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టిన విద్యార్థులకు ఇలాంటివి తొలి రోజుల్లోనే ఎదురవుతాయి. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. తెరంతా తుడిచేసి మళ్ళీ మొదలుపెడతారు. లేదా పక్క బెంచీలోని ప్రోగ్రామును చూసి ఎక్కించుకుంటారు. అది మంచి పని కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో ఒక్కొక్క ఉదాహరణ తీసుకొని ఆలోచిద్దాం.

బస్సు, కండక్టరు

సి అనే ప్రోగ్రాము భాషను 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించారు. ఇప్పటికీ ఎన్నో కళాశాలల్లో మొదట నేర్పే భాష అదే. దానిలో ఒక చిన్న ప్రోగ్రాము రాశారనుకోండి. అది మూడు ప్రశ్నలు అడగాలి. రోల్ నంబరు ఎంత? సెక్షను ఏది? మార్కులు ఎన్ని?

మీరు రోల్ నంబరు 27 కొట్టి ఎంటర్ మీట నొక్కారు. వెంటనే 'సెక్షను ఏది?' అన్న ప్రశ్న తెరమీద కనిపిస్తుంది. దాని వెనుకనే, మీరు వేలు కదపకముందే, 'మార్కులు ఎన్ని?' అన్న ప్రశ్న కూడా వచ్చేస్తుంది! మధ్య ప్రశ్నకు జవాబు ఎవరు ఇచ్చారు?

దీనిని అర్థం చేసుకోవడానికి పాన్‌గల్ నుండి వనపర్తికి పోయే బస్సును తలచుకోండి. ప్రయాణికులు ఒక్కొక్కరే ఎక్కుతారు. కండక్టరు 'రైట్ రైట్' అనేదాకా బస్సు కదలదు. అంతవరకు ఎక్కినవారు దిగిపోవచ్చు కూడా. కీబోర్డు మీద మీరు కొట్టే ప్రతి గుర్తూ ఒక ప్రయాణికుడు. ఎంటర్ మీట కండక్టరు. ఎంటర్ నొక్కేదాకా మీరు కొట్టినదేదీ ప్రోగ్రామును చేరదు. తప్పు కొడితే వెనక్కి చెరపగలగడం అందువల్లనే. ఈ బస్సును నడిపేది మీ ప్రోగ్రాము కాదు, ఆపరేటింగ్ సిస్టమ్.

ఇక అసలు రహస్యం చూడండి. బస్సు కదలగానే కండక్టరు కింద ఉండిపోడు కదా! ఆయనా బస్సులోనే వస్తాడు. అలాగే ఎంటర్ మీట కూడా ఒక గుర్తుగా మారి, 2, 7 అంకెల వెనుక కూర్చుంటుంది. బస్సు వనపర్తి చేరింది. సి భాషలో స్కాన్ఎఫ్ అనే సాధనానికి 'పర్సెంట్-డి' అని చెబితే, 'అంకెలు మాత్రం దిగండి' అని అర్థం. 2, 7 దిగాయి. కండక్టరు అంకె కాదు కనుక బస్సులోనే ఉండిపోయాడు. తరువాత సెక్షను కోసం 'పర్సెంట్-సి' అంటే, 'ఎవరైనా సరే, ముందున్న ఒక్కరు దిగండి' అని అర్థం. కండక్టరు దిగాడు! మీ ప్రోగ్రాము ఆయననే సెక్షను అనుకొని రాసుకుంది. బస్సులో మనిషి ఉండగా కొత్త బస్సు కోసం ఎదురుచూడవలసిన పని దానికి లేదు. అందుకే మీ కోసం ఆగలేదు.

ఇది నిజమేనా అని మీకు అనుమానం రావాలి. రాకపోతే సైన్సు విద్యార్థులే కారు. పరీక్షించడం సులభం. సెక్షనుగా రాసుకున్న ఆ గుర్తును సంఖ్యగా చూపమని ప్రోగ్రామును అడగండి. తెరమీద 10 అని వస్తుంది. 1963లో అమెరికాలో మొదట ప్రకటించిన ఆస్కీ పట్టికలో ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క సంఖ్య ఉంది. ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరానికి 65. కొత్త వరుసకు 10. దొంగ దొరికాడు చూశారా! తెర తుడిచేసి ఉంటే ఈ 10 మీకు కనిపించేదా?

దీనికి మందు కూడా చిన్నదే. 'పర్సెంట్-సి'కి ముందు ఒక ఖాళీ వదిలితే చాలు. 'ఖాళీలను, కొత్త వరుసలను ముందుగా దింపివేయి' అని దానికి అర్థం. చాలామంది ఈ ఖాళీని వదులుతారు. ఎందుకు వదిలారని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. మరికొందరు 'ఎఫ్‌ఫ్లష్' అనే ఆజ్ఞతో బస్సును ఖాళీ చేయవచ్చునని నేర్చుకుంటారు. అది కొన్ని యంత్రాల్లో పనిచేస్తుంది, కొన్నింటిలో చేయదు. ఎందుకంటే లోపలికి వచ్చే గుర్తుల మీద దానిని ప్రయోగిస్తే ఏం జరగాలో సి భాష ప్రమాణ గ్రంథం చెప్పలేదు. ఒకచోట పనిచేసింది కదా అని సూత్రం అనుకోవడం శాస్త్రం కాదు.

మాట్లాడని తప్పు

ఇంకొక ప్రశ్న. రోల్ నంబరు అడిగినచోట ఎవరైనా అంకెలు కాక 'ఇరవై ఏడు' అని అక్షరాలు కొడితే? 'అంకెలు దిగండి' అన్న పిలుపుకు ఎవరూ దిగరు. బస్సు నిండుగా అలాగే ఉంటుంది. ప్రోగ్రాము మళ్ళీ మళ్ళీ అడిగేటట్లు రాసి ఉంటే, ఆ దిగని ప్రయాణికులనే చూసి, అదే ప్రశ్నను వేలసార్లు తెరమీద పరుస్తుంది. పిల్లలు భయపడి కరెంటు తీగ లాగేస్తారు! నిజానికి స్కాన్ఎఫ్ తాను ఎన్ని విలువలు అందుకున్నదో ప్రతిసారీ ఒక సంఖ్యగా తిరిగి చెబుతుంది. ఇక్కడ అది 'సున్న' అని చెప్పింది. మనమే వినలేదు.

1984లో మన దేశంలో 'క్లాస్' అనే పథకం కింద సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో బేసిక్ భాష ఉండేది. ఆ యంత్రం సంఖ్య అడిగినప్పుడు అక్షరాలు కొడితే మారుమాట లేకుండా సున్న రాసుకునేది. ఆ కాలంలోనే వేరే కంప్యూటర్లలో నడిచిన మైక్రోసాఫ్ట్ వారి బేసిక్ అలా కాదు. 'మళ్ళీ మొదటినుండి ఇవ్వండి' అని మందలించేది. ఈ ఇద్దరిలో మంచి గురువు ఎవరు? మందలించేవారే అని నేనంటాను. మార్కుల పట్టికలో పొరపాటున అక్షరం కొట్టినచోట సున్న పడితే, నిజంగా సున్న తెచ్చుకున్న పిల్లవాడికీ, తప్పుగా ఎక్కిన పిల్లవాడికీ తేడా చెరిగిపోతుంది. ఆ తప్పును తరువాత ఎవరు పట్టుకోగలరు?

పైథాన్ భాషలో ఇలాంటి మౌనం ఇంకొక విధంగా ఉంది. 2008లో వచ్చిన పైథాన్ మూడవ రూపంలో, కీబోర్డు నుండి తీసుకున్నది ఏదైనా అక్షరాల వరుసగానే ఉంటుంది. మీరు 7, 5 ఇచ్చి కూడమంటే 12 రాదు, 75 వస్తుంది. దీనిని చూసి మీరు నవ్వుకొని సరిచేసుకుంటారు. కాని 35, 9, 100 మార్కులు ఇచ్చి పెద్దది ఏదని అడగండి. 9 అని చెబుతుంది! చిన్నది ఏదంటే 100 అంటుంది. నిఘంటువులో మాటలను అమర్చినట్లు మొదటి గుర్తును బట్టి పోల్చడమే దీనికి కారణం. 9 అనే గుర్తు 3 కంటే పెద్దది, 3 అనే గుర్తు 1 కంటే పెద్దది. అందరికీ రెండంకెల మార్కులే వచ్చినన్ని రోజులు ఈ ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది. ఒకరికి 100 వచ్చిన రోజున వారిని చివరి బెంచీలో కూర్చోబెడుతుంది. సంఖ్యగా మార్చమని మనం చెప్పాలి. చెప్పకపోతే అది తప్పని యంత్రం అనదు.

తుడుపు ఆజ్ఞ ఎక్కడిది?

ఇక తెర తుడిచే సంగతికి వద్దాం. సి భాష ప్రమాణంలో తెర తుడిచే ఆజ్ఞ అసలు లేదు. ఆశ్చర్యంగా ఉందా? ఆ భాష పుట్టిన రోజుల్లో చాలా కంప్యూటర్లకు తెరలే లేవు. టెలిటైపు అనే యంత్రం ఉండేది. అది టైపు మిషనువంటిది. మీరు కొట్టిందీ, కంప్యూటరు చెప్పిందీ కాగితపు చుట్టమీద అచ్చయ్యేది. 1963లో వచ్చిన టెలిటైపు 33వ నమూనా సెకనుకు 10 అక్షరాలు అచ్చువేసేది. కాగితం మీద పడినదాన్ని ఎలా తుడుస్తారు? మహా అయితే కొత్త పేజీకి పోవచ్చు. ఆస్కీ పట్టికలో 12వ గుర్తు ఆ పనికే ఉంది.

టైపు ఇన్‌స్టిట్యూటులో మిషనును చూసినవారికి ఇంకొక సంగతి తెలుస్తుంది. వరుస ముగియగానే మీట లాగితే రెండు పనులు జరుగుతాయి. కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది. బండి మొదటికి వస్తుంది. టెలిటైపులో ఈ రెండింటికీ రెండు వేరు గుర్తులు, 10, 13. ఆ అలవాటు ఇంకా పోలేదు. విండోస్ ఫైళ్ళలో వరుస చివర ఈ రెండు గుర్తులూ ఉంటాయి. యూనిక్స్, లినక్స్ ఫైళ్ళలో 10 ఒక్కటే ఉంటుంది. ఎప్పుడో కాగితం తిప్పిన చక్రాలు మీ ఫోనులో కూడా తిరుగుతున్నాయన్నమాట!

మన హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1969లో టీడీసీ-12 అనే స్వదేశీ కంప్యూటరు వెలుగు చూసింది. ఆ తరం యంత్రాల దగ్గర పనిచేసినవారికి 'తెర తుడవడం' అనే మాట వింతగా తోచేది. తరువాత తెరలు వచ్చాయి. 1978లో వచ్చిన వీటీ-100 అనే తెర యంత్రానికి, 27వ గుర్తు మొదట పంపి, దాని వెనుక చదరపు బ్రాకెట్టు, 2, 'జె' పంపితే తెర ఖాళీ అయ్యేది. నేటి తెరలు ఎన్నో ఆ సంజ్ఞలనే అర్థం చేసుకుంటాయి. అయితే ఆ సంజ్ఞ తుడుస్తుందే గాని, రాసే ములికిని పైకి తీసుకుపోదు. దానికి ఇంకొక సంజ్ఞ ఉంది. ఇది తెలియక తెర మధ్యనుండి అక్షరాలు మొదలవుతున్నాయని కంగారుపడేవారు ఉన్నారు.

1987లో బోర్లాండ్ కంపెనీ టర్బో సి అనే సాధనాన్ని విడుదల చేసింది. మన తెలుగు కళాశాలల్లో అది ఎన్నో ఏళ్ళు రాజ్యమేలింది. దానిలో పాత ప్రోగ్రాము ఫలితాలు తెరమీద అలాగే నిలిచి ఉండేవి. అందుకని మొదటి వరుసలో తుడుపు ఆజ్ఞ రాసేవారు. ప్రోగ్రాము ముగియగానే ఫలితాల తెర మాయమై రాతతెర వచ్చేది. అందుకని చివరి వరుసలో, ఒక మీట నొక్కేదాకా ఆగమనే గెట్‌చ్ ఆజ్ఞ రాసేవారు. రెండింటికీ మంచి కారణాలు ఉన్నాయి. కాని ఆ రెండూ సి భాష ఆజ్ఞలు కావు. ఆ కంపెనీ తన సరుకుతో కలిపి ఇచ్చిన సదుపాయాలు మాత్రమే. కారణం మరచిపోయి, మొదట ఒక మంత్రం, చివర ఒక మంత్రంగా ఎందరో బట్టీపట్టారు. ఆ ప్రోగ్రామును లినక్స్ యంత్రం మీదికి తెస్తే, 'ఈ ఆజ్ఞ నాకు తెలియదు' అంటుంది. అది మొండితనం కాదు, నిజం చెప్పడం.

ఇక్కడ ముఖ్యమైన మాట ఒకటి గుర్తుంచుకోండి. తెర బయటికి పోయే దారి. కీబోర్డు లోపలికి వచ్చే దారి. రెండూ వేరు. తెర తుడిచినంత మాత్రాన బస్సులో మిగిలిన కండక్టరు దిగిపోడు. ప్రోగ్రాము గుర్తుంచుకున్న విలువలు కూడా చెరగవు. చెరిగేది ఒక్కటే, అక్కడ ఏం జరిగిందో మీకు చెప్పగల సాక్ష్యం.

పాన్‌గల్ ఎన్ని అక్షరాలు?

ఇప్పుడు మన తెలుగు సంగతి. 'పాన్‌గల్' అన్న పేరులో ఎన్ని అక్షరాలు? పా, న్, గ, ల్, మొత్తం నాలుగు అంటారు మీరు. పైథానును అడిగితే 8 అంటుంది! తప్పు చెప్పిందా? లెక్కపెట్టి చూడండి. ప, దీర్ఘం, న, పొల్లు, గ, ల, పొల్లు. ఏడే వచ్చాయి. ఎనిమిదవది ఏది? అది కంటికి కనిపించని గుర్తు. 'న్' కింద 'గ' వత్తుగా చేరిపోకుండా విడదీయడానికి రెండింటి మధ్య దాక్కొని ఉంటుంది. అది లేకుండా కొడితే 'పాన్గల్' అని పడుతుంది. మీకు రెండూ ఒకే ఊరు. కంప్యూటరుకు రెండు వేరువేరు ఊళ్ళు. ఊళ్ళ జాబితాలో ఒక విధంగా రాసి, ఇంకొక విధంగా వెతికితే 'అలాంటి ఊరు లేదు' అని జవాబు వస్తుంది. వందల ఏళ్ళుగా గుట్టమీద కోట నిలిచి ఉన్న ఊరిని లేదంటుంది!

యూనికోడ్ పట్టికలో తెలుగు గుర్తులకు 128 స్థానాలు కేటాయించారు. వాటిని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచుతారు. 1992లో ఆ పద్ధతిని రూపొందించినవారు కెన్ థాంప్సన్, రాబ్ పైక్. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన తెలుగు గుర్తు ఒక్కొక్కటికి మూడు బైట్లు కావాలి. 'పాన్‌గల్'లోని ఆ కనిపించని గుర్తుకూ మూడే. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. సి భాషలో పేరు కోసం 10 గదులు కట్టారనుకోండి. ఇంగ్లీషులో పాన్‌గల్ రాస్తే ఆరు గదులు, ముగింపు గుర్తుకు ఒకటి, ఏడింటిలో హాయిగా సరిపోతుంది. తెలుగులో రాస్తే 24, ముగింపుకు ఒకటి, మొత్తం 25 కావాలి. మిగిలినవి పక్క గదుల్లోకి పొర్లుతాయి. ప్రోగ్రాము ఏమి చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

సెక్షను అడిగినచోట 'అ' అని తెలుగులో కొడితే? 'పర్సెంట్-సి' ఒక్క బైటునే దింపుకుంటుంది. అక్షరంలో మూడో వంతు లోపలికి పోయి, మిగతా రెండు వంతులు తరువాతి ప్రశ్న మీద పడతాయి. మార్కుల ప్రశ్న చెడుతుంది. తెలుగులో జవాబు ఇచ్చిన పిల్లదానిది తప్పా? తెలుగువారు కూడా వాడతారని ఊహించని ప్రోగ్రాముదా?

ఈ పొర్లడం చిన్న విషయం కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో ఒక ప్రోగ్రాము యంత్రం నుండి యంత్రానికి పాకి, వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. దానిని మోరిస్ పురుగు అంటారు. అది చొరబడిన దారుల్లో ఒకటి, సి భాషలోని 'గెట్స్' అనే సాధనం. ఎన్ని గుర్తులు వస్తున్నాయో, ఎన్ని గదులు ఉన్నాయో చూడకుండా నింపుకుంటూ పోవడం దాని స్వభావం. చివరకు 2011 నాటి ప్రమాణంలో దానిని భాషనుండి తీసివేశారు. లోపలికి వచ్చేదాన్ని గుమ్మం దగ్గరే చూడకపోతే ఎంత నష్టమో చూశారా?

మరి నా అభిప్రాయం

'ఖాళీ వదలమని చెప్పండి, తుడుపు ఆజ్ఞ రాయమనండి, అంతే. గంటలో ఇవన్నీ చెప్పడానికి తీరిక ఎక్కడిది? పరీక్షలో అడగరు కదా!' అని కొందరు పెద్దలు అంటారు. తీరిక తక్కువే, ఒప్పుకుంటాను. మన పల్లె పాఠశాలల్లో ఒక యంత్రం చుట్టూ నలుగురైదుగురు నిలబడతారు. ఒక్కొక్కరి చేతికి కీబోర్డు దొరికేది కొద్ది నిమిషాలే. కారణాలు చెప్పాలని నేను పట్టుబట్టేది సరిగ్గా అందుకే. ఆ కొద్ది నిమిషాల్లో యంత్రం ఒక ప్రశ్నను మింగేస్తే, విద్యార్థి యంత్రాన్ని అనుమానించడు. తనను తానే అనుమానిస్తాడు. 'ఇది మనకు వచ్చే విద్య కాదు' అనుకొని వెనక్కి జరుగుతాడు. ఇంట్లో కంప్యూటరు ఉన్నవాడు రాత్రికి మళ్ళీ ప్రయత్నిస్తాడు. లేనివాడు అంతటితో ఆగిపోతాడు. మధ్యలో ఒక ఎంటర్ గుర్తు మిగిలిపోయినందుకు ఒక విద్యార్థి చదువు దారి మళ్ళకూడదు.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అమ్మీటరు ముల్లు కదలకపోతే ఏం చేస్తాం? అమ్మీటరును తిట్టం. బ్యాటరీ, తీగ, కలిపినచోటు, స్విచ్చి, ఒక్కొక్కటే చూస్తాం. ముల్లు కదలకపోవడం కూడా ఒక ఫలితమే. ప్రోగ్రాము చేసే వింత పని కూడా అలాంటిదే. దానిని తుడిచేస్తే ప్రయోగాన్ని పారేసినట్లే.

అందుచేత మీకు మూడు పనులు చెబుతాను. మొదటిది, అనుకోనిది జరిగితే, తెర తుడవకముందు ఒక నోటుపుస్తకంలో మీరు ఏం కొట్టారో, ఏం వస్తుందనుకున్నారో, ఏం వచ్చిందో రాయండి. ఎంటర్ నొక్కినదీ రాయండి. రెండవది, లోపలికి వచ్చేదాన్ని ఒక వరుస మొత్తంగా, గదులకు మించకుండా తీసుకొని, తరువాత సంఖ్య అవునా కాదా అని పరీక్షించి వాడండి. కాకపోతే మౌనంగా సున్న వేయక, మర్యాదగా మళ్ళీ అడగండి. మూడవది, మీ ప్రోగ్రాము పూర్తయిందనుకున్నాక, మీ ఊరి పేరు తెలుగులో కొట్టి చూడండి. అది తట్టుకుంటే పూర్తయినట్లు. లేకపోతే ఇంకా పని ఉంది.

మీ ఊరి పేరులో ఎన్ని గుర్తులు ఉన్నాయి? కనిపించనిది ఏదైనా దాక్కుందా? ముందు కాగితం మీద లెక్కవేయండి, తరువాత యంత్రాన్ని అడగండి. రెండు లెక్కలూ కలవకపోతే సంతోషించండి. మీకు వెతకవలసినది ఒకటి దొరికింది!